హాలు గోడ పెచ్చులు ఊడుతోంది: గోడంతా కొట్టించకుండా తక్కువ ఖర్చులో బాగుచేసుకోవడం ఎలా?

వనస్థలిపురం వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ వనస్థలిపురంలో 1994లో కట్టిన సొంత ఇల్లు, కింది అంతస్తులో మేమే ఉంటున్నాము. హాలుకూ స్నానాలగదికీ మధ్యనున్న నాలుగున్నర అంగుళాల గోడకు, హాలు వైపు ప్లాస్టరింగు ఉబ్బి, రంగు పొరలు పొరలుగా లేచి, మొన్నటి వానల తరువాత పెచ్చులు పెచ్చులుగా కింద రాలుతోంది. నేల నుండి దాదాపు మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు మేర ఈ నష్టం కనిపిస్తోంది. ఆ పైన గోడ చెక్కుచెదరలేదు. క్యాలెండరు మేకును కాస్త పక్కకు మారుద్దామని లాగితే, మేకుతో పాటు అరచేయంత పెచ్చు ఊడివచ్చి లోపలి ఎర్ర ఇటుక బయటపడింది. ఆ ఇటుక మీద పత్తి పింజెలాంటి తెల్లటి నూగు పేరుకుని ఉంది, వేలితో రాస్తే ఉప్పులా రాలింది.

పోయిన ఏడాది ఇదే చోట రంగులు వేసేవారి చేత లప్పం (పుట్టీ) పెట్టించాను. నున్నగా, అద్దంలా కనిపించిన ఆ గోడ ఆరు నెలలు కూడా నిలవలేదు. ఈసారి ఒక మేస్త్రిని పిలిచి చూపిస్తే, గోడ మొత్తం పైనుంచి కిందిదాకా కొట్టి కొత్తగా గిలాబు (ప్లాస్టరింగు) చేయాలనీ, లప్పం, రంగులతో కలిపి 22,000 రూపాయలు అవుతుందనీ చెప్పారు. ఈ ఏడాది పిల్లల ఫీజులు కట్టిన తరువాత అంత మొత్తం పెట్టే స్థితిలో మేము లేము. చెడిన భాగం వరకే తీసి సొంతంగా, లేదా ఒక పూట మేస్త్రి సాయంతో సరిచేసుకోవడం సాధ్యమేనా? సాధ్యమైతే మాలు (సిమెంటు, ఇసుక, నీళ్ల ముద్ద) ఏ పాళ్లలో కలుపుకోవాలి, మళ్లీ ఊడకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి, తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

విశ్రాంత సైటు సూపర్‌వైజరు

సాధ్యమే. ముప్పై ఏళ్లు సైట్ల మీద గడిపినవాడిగా చెబుతున్నాను, పన్నెండు చదరపు అడుగుల చెడు కోసం గోడంతా కొట్టించనవసరం లేదు. అయితే మీరు రాసిన గుర్తులన్నీ నీటి వైపే వేలు చూపిస్తున్నాయి కాబట్టి, ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోనిదే తాపీ పట్టుకోవద్దు.

ఇటుకలోకి ఇంకిన నీరు ఇటుకలోనూ, ఇసుకలోనూ, సిమెంటులోనూ ఉన్న లవణాలను కరిగించుకుని గోడ ముఖం దాకా వస్తుంది. అక్కడ నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు ప్లాస్టరింగు సూక్ష్మరంధ్రాలలో స్ఫటికాలుగా పెరిగి, బయటకు దారి లేక, మీద ఉన్న పొరను నెట్టేస్తుంది. మన నగరంలో చాలా ఇళ్లను బోరు నీళ్లతో కట్టారు, ఆ నీళ్లలో లవణాలు ఎక్కువగా ఉన్నచోట గోడ తన ఉప్పును పుట్టుకతోనే తెచ్చుకుంటుంది. పోయిన ఏడాది పెట్టిన లప్పం ఊడిపోవడానికి కూడా కారణం ఇదే. ఎంత మంచి లప్పమైనా వెనుక నుంచి వచ్చే ఉప్పును ఆపలేదు.

నీరు వచ్చే దారులు మీ ఇంట్లో మూడు ఉండవచ్చు. మొదటిది స్నానాలగది టైల్స్ సందులు, నహానీ ట్రాప్ (నేల మీది నీరు బయటకు పోయే జాలీ తూము) చుట్టూ ఉన్న అతుకు. రెండవది గోడలో పూడ్చిన పైపు. తొంభైలలో ఎక్కువగా జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులే వాడేవారు, అవి లోపల తుప్పుపట్టి సూది బెజ్జమంత రంధ్రం పడినా గోడను ఏళ్ల తరబడి తడుపుతూనే ఉంటాయి. మూడవది పునాది నుంచి పైకి పాకే నెమ్ము. రాత్రి పడుకునే ముందు ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, పై ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీయండి. ఆ రాత్రి మోటారు వేయకూడదు, ఫ్లష్ ట్యాంకు కూడా కారకూడదు. తెల్లవారేసరికి మట్టం దిగితే పైపును అనుమానించాలి. దిగకపోతే వారం పది రోజులు ఆ స్నానాలగదిని వాడకుండా ఉండి చూడండి. తడి చల్లారుతున్నట్లు కనిపిస్తే దోషం టైల్స్ సందులది లేదా ట్రాప్‌ది. రెండూ కాకుండా, స్నానాలగదితో సంబంధం లేని పక్క గోడలకు కూడా అదే ఎత్తులో చార కనిపిస్తూ ఉంటే అది పునాది నెమ్ము. దాని సంగతి వేరు, ఈ ఖర్చులో తేలేది కాదు.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. అడుగు చదరపు పాలిథీన్ కాగితాన్ని గోడ మీద పరచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అతికించి రెండు రోజులు ఉంచండి. కాగితం లోపలి వైపు చెమ్మ పట్టిందంటే నీరు గోడ లోపలి నుంచే వస్తోంది.

నీటి దారి మూసిన తరువాత పని మొదలుపెట్టండి. ముందుగా మెయిన్ స్విచ్ కట్టేయండి. స్విచ్‌బోర్డు పైనా కిందా గోడలో పూడ్చిన వైర్లు ఉంటాయి, ఉలి దెబ్బకు అవి దొరికితే మీ మిగులు అంతా ఆసుపత్రి పాలవుతుంది. తరువాత సుత్తి పిడితోనో, వేలి కణుపుతోనో గోడను తడుతూ వెళ్లండి. గట్టి ప్లాస్టరింగు మీద శబ్దం పొడిగా, బరువుగా వస్తుంది. గుల్లబారిన చోట ఖాళీ డబ్బా మోత వినిపిస్తుంది. మోత మారిన ప్రతి చోటా సుద్దతో చుక్క పెట్టి, ఆ చుక్కలన్నీ లోపలికి వచ్చేటట్లు ఒక చతురస్రమో, దీర్ఘచతురస్రమో గీసుకోండి. కంటికి కనిపించే మచ్చ కన్న ఈ గీత ఎప్పుడూ పెద్దదిగానే వస్తుంది, దానికి కంగారుపడవద్దు. గీత వెంట ఉలితో ముందు అంచులు తెంపి, ఆ తరువాత మధ్యభాగం కొట్టండి. అంచు తెంపకుండా మధ్యలో కొడితే బాగున్న ప్లాస్టరింగు కూడా పలకలు పలకలుగా లేచి వస్తుంది. అంచులను వంకరటింకరగా పలచబారనివ్వకుండా నిటారుగా, వీలైతే లోపలికి కాస్త ఏటవాలుగా తెంపితే కొత్త మాలు పాతదానిలో ఇరుక్కుని నిలుస్తుంది.

ఇటుక బయటపడ్డాక సందుల్లో పొడిబారిన పాత మాలును అర అంగుళం లోతు వరకు గీకి తీసేయండి. తెల్ల ఉప్పును పొడి బ్రష్షుతోనే దులిపి, కింద పడినదాన్ని చీపురుతో ఎత్తి బయట పారేయండి. నీళ్లు పోసి కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే వెళుతుంది. ఆపైన కనీసం పది, పదిహేను రోజులు గోడను అలాగే, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. మళ్లీ నూగు పట్టితే మళ్లీ దులపండి. చుట్టాలు వస్తారని తొందరపడేది ఇక్కడే, డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే.

మాలు విషయానికి వస్తే, లోపలి గోడలకు ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక సరిపోతుంది. చిన్న ముక్క కాబట్టి ఒకటికి అయిదు కలుపుకున్నా తప్పులేదు. గట్టిగా ఉంటుందని ఒకటికి మూడు కలిపితే ఆరేటప్పుడు కుదించుకుపోయి వెంట్రుకవాసి పగుళ్లు ఇస్తుంది. మీరు చెప్పిన పన్నెండు చదరపు అడుగులకు, 15 మిల్లీమీటర్ల మందం అనుకుంటే, 5 నుంచి 6 కిలోల సిమెంటు, దాదాపు 30 కిలోల ఇసుక పడుతుంది. 50 కిలోల బస్తా కొననక్కరలేదు, కాలనీ హార్డ్‌వేర్ దుకాణాల్లో విడి సిమెంటు కిలోల లెక్కన ఇస్తారు. ముద్దలు కట్టినదైతే తీసుకోవద్దు. ఇసుక నది ఇసుకైనా, ప్లాస్టరింగుకని అమ్మే సన్న రోబో ఇసుకైనా (రాయిని నలగ్గొట్టి చేసినది) పరవాలేదు కానీ జల్లెడ పట్టాలి. ఒక గాజు సీసాలో సగం దాకా ఇసుక, పైన నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచితే, ఒండ్రు పైన పొరగా తేరుతుంది. ఆ పొర ఇసుక ఎత్తులో 8 శాతం మించితే ఆ ఇసుక వద్దు.

పని రోజున ఇటుకను తడపాలి, నీరు కారేటట్లు మాత్రం కాదు. తడిపిన మెరుపు పోయి ఇటుక ముదురు రంగులో ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చేసి దాన్ని పిండిలా చేస్తుంది. ముందు నీళ్లలో పలచగా కలిపిన సిమెంటును బ్రష్షుతో రాసి, అది ఆరకముందే మాలును తాపీతో విసిరి కొట్టండి. మెల్లగా పామితే వెనుక గాలి చిక్కి మళ్లీ గుల్ల అవుతుంది. లోతు ఎక్కువగా ఉన్నచోట ఒకే విడతలో నింపకుండా, మొదటి పొర వేసి దాని మీద మేకుతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టి, మరునాడు రెండవ పొర వేయండి. పాత గోడ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆనే తిన్నటి బద్ద ఒకటి తీసుకుని, కింది నుంచి పైకి రంపం లాగినట్లు లాగితే కొత్తది పాతదానికి సమానంగా వస్తుంది. కలిపిన మాలును గంటలోపు వాడేయాలి. గట్టిపడినదానికి నీళ్లు పోసి మళ్లీ కలిపి వాడే అలవాటు మంచిది కాదు. మరునాటి నుంచి వారం రోజులు, రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్లు చిలకరించండి.

కొత్త సభ్యుడు

ఇంత శ్రమ ఎందుకండి? ఉన్న గోడ మీదే పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పూస్తే అరగంటలో గట్టిపడుతుంది, ఖర్చూ తక్కువే. లేకపోతే ఆ మూడడుగుల మేర పీవీసీ ప్యానెళ్లు బిగించేస్తే చూడటానికి కూడా బాగుంటుంది. మా అపార్ట్‌మెంటులో చాలామంది అదే చేశారు.

విశ్రాంత సైటు సూపర్‌వైజరు

పొడి గోడకు పీవోపీ మంచిదే, అయితే అది జిప్సం. తడి తగిలితే మెత్తబడుతుంది, కాబట్టి స్నానాలగది వెనుక గోడకు పనికిరాదు. కొందరు త్వరగా గట్టిపడుతుందని సిమెంటు మాలులో గుప్పెడు పీవోపీ కలుపుతారు. తడి ఉన్నచోట ఆ రెండూ రసాయనికంగా కలిసి ఉబ్బుతాయి కాబట్టి అది అసలే వద్దు. ప్యానెళ్ల వెనుక గోడ కుళ్లుతూనే ఉంటుంది, మనకు కనిపించదు, అంతే.

మల్కాజిగిరి గృహిణి

సూపర్‌వైజరు గారు చెప్పిన పద్ధతిలోనే రెండేళ్ల కిందట మా పడకగది గోడను నేను సొంతంగా చేసుకున్నాను కాబట్టి, చేతికి అలవాటు లేనివారికి ఎక్కడ చిక్కు వస్తుందో రాస్తున్నాను.

మాలు విసిరి కొట్టడం వినడానికి సులువు. నేను మొదట కొట్టిన పది తాపీల్లో ఏడు నేల మీదే పడ్డాయి. గోడ వారన పాత దుప్పటి పరచి దాని మీద ప్లాస్టిక్ పట్టా వేసుకుంటే, పడిన మాలును వెంటనే ఎత్తి మళ్లీ వాడుకోవచ్చు. మాలు ఎంత గట్టిగా ఉండాలో నాకు ఎవరూ చెప్పలేదు. చపాతీ పిండి కన్న మెత్తగా, ఇడ్లీ పిండి కన్న గట్టిగా ఉన్నప్పుడు అది గోడను పట్టుకుందని రెండవ రోజుకు తెలిసింది. నేను చేసిన రెండవ పొరపాటు, కొత్త ప్లాస్టరింగును పాతదానితో సరిగ్గా సమానంగా తేవడం. ఆ పైన లప్పం పెట్టేసరికి ఆ ముక్క వరకు గోడ ఎత్తుగా తేలి, సాయంత్రం దీపం వెలుగు పక్క నుంచి పడితే అప్పడం అతికించినట్లు కనిపించింది. ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉండేటట్లు ఆపితే ఆ చోటును లప్పం నింపుతుంది.

పాతదీ కొత్తదీ కలిసే గీత వెంట పగులు రావడం దాదాపు ఖాయం. ఆ గీత మీద రెండు అంగుళాల ఫైబర్ జాలీ టేపు అతికించి, దాని మీద లప్పం పెడితే పగులు బయటకు రాదు. లప్పం పూసే రేకు పట్టీలు కొనలేదు. పెద్ద భాగానికి మేస్త్రి వదిలివెళ్లిన రేకు, మూలలకు మా ఇంటి పాత అట్లకాడ సరిపోయాయి. (ఆ అట్లకాడ తిరిగి వంటింట్లోకి రావడానికి మా అత్తగారు ఒప్పుకోలేదు.) తెల్ల సిమెంటుతో చేసిన పొడి పుట్టీని అప్పటికప్పుడు కలుపుకుని రెండు పలచటి పూతలుగా పెట్టండి, గుంట పూడ్చడానికి లప్పం వాడితే మందంగా పడి ఎండి విరిగిపోతుంది. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరువవద్దు, ఆ దుమ్ము చాలా సన్ననిది.

నీళ్లు చిలకరించడం గురించి ఒక మాట. ఉద్యోగానికి వెళ్లేవారికి రోజుకు నాలుగు సార్లు కుదరదు. నేను గోనె సంచిని విప్పి, పైన రెండు మేకులకు వేలాడదీసి, పొద్దునా రాత్రీ తడిపాను. దాని వెనుక గోడ రోజంతా చల్లగా ఉండేది.

శాలిబండ నుంచి ఒకరు

ప్రశ్న అడిగినవారిది ఇటుక, సిమెంటు ఇల్లు కాబట్టి పైన చెప్పినవి వారికి సరిపోతాయి. అయితే ఈ చర్చను చదివి పాతబస్తీలోనో, సుల్తాన్‌బజార్ వైపో డంగు సున్నంతో (గానుగలో నూరిన సున్నంతో) కట్టిన ఇళ్లలో ఉండేవారు అదే మాలును వాడకుండా ఉండాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా తాతగారి కాలపు ఇంట్లో ఊడిన చోట సిమెంటు మాలుతో అతుకు వేయించాము. అతుకు ఈనాటికీ రాయిలా ఉంది, దాని చుట్టూ ఉన్న మెత్తటి సున్నపు పూత మాత్రం జానెడు మేర పొడిపొడిగా రాలిపోయింది. సున్నపు గోడ తడిని పీలుస్తుంది, వదులుతుంది. దాని మీద సిమెంటు ముక్క పెడితే ఆ తడి అంచుల గుండా వెళ్లడానికి ప్రయత్నించి అక్కడ ఉప్పును పేర్చుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి మళ్లీ సున్నపు పూతే వేశారు. అలాంటి ఇళ్లవారు బాగా నానిన సున్నం ఒక పాలుకు రెండున్నర, మూడు పాళ్ల ఇసుక కలిపి, పలచటి పొరలుగా, పొరకూ పొరకూ మధ్య రోజుల తరబడి ఆగుతూ వేసుకోవాలి. ఆలస్యం తప్పదు. మీది ఏ రకమో తెలియకపోతే గోటితో గీరి చూడండి; తెల్లగా, మెత్తగా పొడి రాలితే సున్నమని అనుమానించి, సున్నం పని తెలిసిన మేస్త్రికి చూపించండి.

వనస్థలిపురం వాసి

నెలన్నర తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ట్యాంకు గీత దిగలేదు. స్నానాలగదిని పది రోజులు మూసి, పై అంతస్తులో అద్దెకున్నవారి స్నానాలగదితో సర్దుకున్నాము. ఆరవ రోజుకే హాలు గోడ రంగు తేలికపడింది. నహానీ ట్రాప్ చుట్టూ చిటికెన వేలు దూరేంత సందు బయటపడింది, మూతి మీద జాలీ ఉండటంతో ఇన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు. దాన్ని, గోడ వారనున్న టైల్స్ సందులను పూడ్పించాము.

తట్టి చూసి గీసిన గీత మూడు బై నాలుగుకు బదులు మూడున్నర బై అయిదు వచ్చింది. కొట్టిన తరువాత గోడను పదహారు రోజులు వదిలేశాను, నూగును మూడు సార్లు దులిపాను. కొట్టడం, ఆరబెట్టడం, నీళ్లు పట్టడం నేను చేసుకుని, మాలు వేయడానికి మాత్రం దగ్గరి లేబర్ అడ్డా నుంచి ఒక మేస్త్రిని సగం పూటకు పిలిచాను. ఉప్పు దులిపి, ఆరబెట్టి సిద్ధంగా ఉంచిన గోడను చూసి, ఇక మీరే చేసుకోవచ్చు కదా సారూ అన్నారు ఆయన. ఖర్చు ఇలా తేలింది: ట్రాప్, టైల్స్ పని 850, మేస్త్రికి 800, పుట్టీ 260, టేపు, గరుకు కాగితం 130, ఇసుక 100, విడి సిమెంటు 70, వెరసి 2,210 రూపాయలు. రంగు ఇంకా వేయలేదు.

ఒక్క సందేహం మిగిలింది. కొత్త ప్లాస్టరింగు నేలకు ఆనుకున్న చోట నాలుగు అంగుళాల మేర ఇంకా కాస్త ముదురుగా కనిపిస్తోంది. రంగు వేయడానికి ఎన్నాళ్లు ఆగాలి?

విశ్రాంత సైటు సూపర్‌వైజరు

మాలు వేసిన నాటి నుంచి నాలుగు వారాలైనా నిండాలి, ఆ ముదురు చార పూర్తిగా పోవాలి. రెండింటిలో ఏది తరువాత జరిగితే అప్పటిదాకా ఆగండి. కొత్త మాలులో క్షారం ఎక్కువ, తొందరపడితే రంగు మచ్చలు తేలుతుంది. నేల దగ్గర ప్లాస్టరింగు గచ్చుకు తగులుతూ ఉంటే, నేల తుడిచిన నీటిని అది వత్తిలా పైకి లాగుతుంది. ఉలితో ఒక అర అంగుళం సందు తీసి వదిలేయండి, గోడ అడుగున స్కర్టింగు టైల్ వేస్తే ఆ సందు కనిపించదు. చార ఆరిన తరువాత మళ్లీ పాలిథీన్ కాగితం అతికించి రెండు రోజులు చూసి, అప్పుడు ప్రైమరు కొట్టండి.